కమిషనర్ గారి కుర్చీ, మా అత్త చుట్టిల్లు

మా కొత్తగరువు మున్సిపాలిటీ ఒక్క విషయంలో రాష్ట్రానికే ఆదర్శం. ఇక్కడ ఊరిని చూసి బొమ్మ గీయరు, బొమ్మను చూసి ఊరిని దిద్దుతారు. ఈ పద్ధతి కనిపెట్టిన ఘనత అప్పటి మా కమిషనర్ చిదానందం గారిది. బొమ్మ మాత్రం నాది. అందుకు నాకు ఇప్పటిదాకా ఒక శాలువా దక్కలేదు. పోనీలెండి, వాళ్ళు కప్పే శాలువాలు మా అత్త పొయ్యిమీంచి గిన్నె దించుకోడానికి కూడా పనికిరావు.

నా పేరు గౌరీశ్వరి. టౌన్ ప్లానింగ్ సెక్షన్లో కంప్యూటర్ ఆపరేటర్ని. అవుట్‌సోర్సింగ్ ఉద్యోగం, అంటే పని ఆఫీసు లోపల, మనం లెక్కకు బయట. మా ఆయన గుజరాత్‌లో, వెరావల్ రేవులో చేపల బోటు మీద ఉంటాడు. ఇంట్లో నేనూ, మా అత్త అసిరమ్మా. సాయంత్రం వంటయ్యాక అత్త సీరియల్ చూస్తుంది, నేను ఆట ఆడుకుంటాను. చదరపు దిమ్మలు పేర్చి ఇళ్ళూ ఊళ్ళూ కట్టుకునే వీడియో గేమ్ ఒకటుంది కదా, అది. మా అత్త దాన్ని దిమ్మలాట అంటుంది.

ఆ ఆట పాతబడింది. ఎన్నాళ్ళని అవే దిమ్మలు, అవే గొర్రెలు? అందుకే దాన్ని ఇష్టపడేవాళ్ళు ఎక్కడెక్కడో కూర్చుని సొంతంగా మార్పులు చేసి, పైసా పుచ్చుకోకుండా అందరికీ పంచుతుంటారు. వాటిని మోడ్‌లు అంటారు. చద్దన్నానికి పోపు పెట్టినట్టన్నమాట, అన్నం పాతదే గానీ మళ్ళీ తినాలనిపిస్తుంది. ఆ ఆటలో అసలు కుర్చీలే లేవంటే నమ్ముతారా? కోట కట్టుకోవచ్చు, కూలబడడానికి చోటు లేదు. కదిరిలో లారీ సీట్లు కుట్టే ఇస్మాయిల్ అనే ఆయనకు అది చూసి ఒళ్ళు మండి కుర్చీల మోడ్ చేశాడు. నేను రెండు చేశాను. ఒకటి, ఆటలో గొర్రెలకు నల్లరంగూ కొమ్ములూ తొడిగి గేదెల్లా చూపించేది. రెండోది గుండ్రం మోడ్.

ఈ గుండ్రం సంగతి చెప్పాలి. ఆ ఆటలో గుండ్రంగా ఏదీ కట్టలేం, సూర్యుడు కూడా చదరమే. మాదేమో చుట్టిల్లు. గుండ్రటి మట్టిగోడ, దానిమీద నేలకు తాకేలా వంగిన తాటాకు కప్పు. మా మామ సూరయ్య సొంతంగా మట్టి తొక్కి కట్టాడు. ఎన్నో తుపాన్లకు చుట్టుపక్కల రేకులన్నీ ఎగిరిపోయాయి గానీ మా ఇంటి మీద ఆకు కదల్లేదు. "గాలికి పట్టుకోడానికి మూలేదే? సుట్టూ తిరిగి తిరిగి అలిసిపోయి ఎల్లిపోద్ది" అంటుంది అత్త. అలాంటి ఇంటిని చదరంగా కట్టడానికి నాకు చెయ్యి రాలేదు. అందుకని గుండ్రటి దిమ్మలు నేనే తయారుచేశాను. అది చాలా చాకిరీ. మా ఒక్క ఇల్లూ అయ్యేసరికి ప్రాణం విసిగి, మిగతా ఊరంతా చదరంగానే కట్టిపారేశాను.

ఇంతలో రాజధాని నుంచి ఉత్తర్వు వచ్చింది. ప్రతి పురపాలక సంఘమూ తన పరిధిలోని సమస్త కట్టడాల డిజిటల్ ప్రతిరూపాన్ని శుక్రవారంలోగా సమర్పించవలెను, ఇందుకు నిధులు లేవు అని. ఆఫీసంతా తలలు పట్టుకుంది. భోజనాల వేళ నేను నా ఊరు తెరిచి చూసుకుంటుంటే వెనక నుంచి టౌన్ ప్లానింగ్ ఆఫీసర్ భానోజీరావు గారు తొంగిచూశారు. ఆయన ఇంట్లో భార్యతో కూడా ఫైలు భాషలోనే మాట్లాడతారని ప్రతీతి.

"ఇది మన పురపాలక పరిధి వలె గోచరించుచున్నదేమమ్మా?"

"అవునండి, ఊరికే సరదాకి కట్టాను."

"సరదా కాదు, ఇది సమర్పణకు అర్హమైనది. అయితే ఈ గేదెలూ, ఈ గుండ్రనివీ ఎవరి ద్వారా వచ్చినవి?"

"మోడ్‌లండి. అభిమానులు చేస్తారు."

"ఏ హీరో అభిమానులు?"

"హీరోకి కాదండి, ఆటకి."

"సంఘం రిజిస్టరు అయినదా?"

"లేదండి."

"అయితే ఇవన్నీ అనధికార నిర్మాణాలు. తొలగించి పంపవలెను."

"తీసేస్తే కొన్ని మాయమైపోతాయి సార్!"

"పోయేవి పోవును. నిబంధన మిగులును" అని, నా చేతిలోంచి మౌస్ లాక్కుని ఆయనే ఒక్కొక్క మోడూ ఆపేసి, ఊరిని రాజధానికి పంపేశారు. ఏమేం పోయాయో ఎవరూ చూడలేదు. నేనైనా చూద్దామంటే వెంటనే నాకు కుళాయి పన్ను పని అప్పగించారు.

రాష్ట్రంలో మిగతా ఊళ్ళన్నీ గడువు పొడిగించమని ఉత్తరాలు రాశాయి. మేమొక్కరమే ఊరు పంపాం. దాంతో కొత్తగరువుకు ప్రథమ బహుమతి వచ్చింది. బహుమతితో పాటు నిబంధనా వచ్చింది. ధ్రువీకరించిన ప్రతిరూపానికీ క్షేత్రస్థాయికీ మధ్య ఎట్టి విచలనమూ ఉండరాదట, నెలాఖరుకు తనిఖీ బృందం వస్తుందట.

కమిషనర్ గారు అందరినీ కూర్చోబెట్టారు. ప్రతిరూపంలో వాటర్ ట్యాంకు చదరంగా ఉంది, నేల మీద గుండ్రంగా ఉంది, ఏం చేద్దామని అడిగారు. ఇంజనీరు గారు పాపం అమాయకుడు. "బొమ్మని సరిదిద్దేద్దాం సార్" అన్నాడు.

చిదానందం గారు కళ్ళజోడు తీశారు. "ప్రతిరూపానికి రాష్ట్ర ప్రభుత్వ ముద్ర పడింది. ఊరికి పడిందా? ఊరి మీద ఎక్కడైనా ముద్ర ఉంటే చూపించండి, నేను ఊరి పక్షానే నిలబడతాను."

అందరూ కిటికీలోంచి ఊరివైపు చూశారు. ముద్ర ఎక్కడా కనబడలేదు. కనక తప్పు ఊరిదేనని తీర్మానించారు.

మర్నాటి నుంచి దిద్దుబాటు మొదలైంది. వాటర్ ట్యాంకు చుట్టూ చెక్కలు కొట్టి చదరం చేశారు. నాలుగు రోడ్ల కూడలిలో గుండ్రటి గట్టును నలుపలకల గట్టుగా మారిస్తే, కొబ్బరికాయల లారీ ఒకటి మూలకు ఇరుక్కుని అక్కడే ఉండిపోయింది. ప్రతిరూపంలో దోమలు లేవు గనక దోమల మందు మిషన్ స్టోరుకు పోయింది. ఆటలో పది నిమిషాలకు పొద్దుగుంకి పది నిమిషాలకు తెల్లవారుతుంది గనక వీధిదీపాలూ అలాగే వెలిగి ఆరడం మొదలుపెట్టాయి. మా వీధి కోళ్ళు కొన్నాళ్ళు శక్తికొద్దీ కూసి, ఆ తర్వాత కూయడమే మానేశాయి.

ఆటలో మనుషుల తలలు చదరం. అందుకని కూడలిలో ఒక నాయకుడి విగ్రహం తలకు చెక్కపెట్టె తొడిగారు. ఆయన అనుచరులు రాస్తారోకో చేద్దామని బయల్దేరారు. ఈలోగా అవతలి నాయకుడి అనుచరులు వచ్చి, మా నాయకుడికి పెట్టె ఎందుకు తొడగలేదు, అంత చిన్నచూపా అని ధర్నాకి కూర్చున్నారు. చివరికి ఇద్దరికీ పెట్టెలు తొడిగి, ఎవరిది పెద్దదో కొలవడానికి ఒక కమిటీ వేశారు.

అన్నిటికన్నా కష్టం గేదెలతో వచ్చింది. నా మోడ్ తీసేశారు కదా, ప్రతిరూపంలో బజారు నిండా తెల్ల గొర్రెలే ఉన్నాయి. నేల మీదేమో గేదెలు. శానిటరీ ఇన్‌స్పెక్టర్ బకెట్లతో సున్నం తీసుకెళ్ళి దొరికిన గేదెకల్లా వెల్ల వేయించాడు. అవి నేరుగా చెరువులోకి దిగి, మళ్ళీ గేదెలై బయటికి వచ్చాయి. దాంతో చెరువు దగ్గర కాపలా పెట్టారు.

ఇక ఆటలో జనం ఎప్పుడూ చేతులు కట్టుకుని నిలబడే ఉంటారు. ఆ ఒక్క అంశంలో మాత్రం మా ఆఫీసు వరండాలో ఎలాంటి దిద్దుబాటూ అవసరం లేకపోయింది.

ఇన్నాళ్ళూ నేను నవ్వుకుంటూనే ఉన్నాను. ఒకనాడు పొద్దున్నే జీపు వచ్చి మా ఇంటి ముందు ఆగింది. అత్త గుమ్మంలో కూర్చుని రొయ్యలు ఒలుస్తోంది. భానోజీరావు గారు జీపు దిగి, ఇంటివైపు కాకుండా చేతిలో ట్యాబ్ వైపు చూస్తూ పెద్దగా చదివారు.

"ప్రతిరూపం ప్రకారం ఈ స్థలము ఖాళీగా ఉన్నది."

"ఓలమ్మా! మరి నానెక్కడ కూకున్నాను బావూ?"

"ఖాళీ స్థలంలో."

"ఈ గోడేటి?"

"విచలనం."

"ఇచలనమేటి బావూ, మట్టిగోడ. మా ముసిలోడు తొక్కి కట్టినాడు. కావాలంటే సెయ్యేసి సూడు."

ఆయన చెయ్యి వెనక్కి పెట్టుకున్నారు. లేని గోడను తాకితే తన మీద చర్య ఉంటుందేమోనని భయం కాబోలు. తనిఖీ ముగిసేలోగా విచలనాన్ని తొలగించవలెననీ, అందులో నివసించుచున్నట్లు భ్రమపడుచున్న వారికి కాలనీలో మూడో అంతస్తున గది కేటాయిస్తామనీ చదివారు.

"మూడో అంతస్తా? నా కోళ్ళు మెట్లెక్కుతాయేటి?" అంది అత్త.

"కోళ్ళు ప్రతిరూపంలో మెట్లెక్కుచున్నవి" అని ఆయన జీపెక్కారు.

జీపు పోయాక అత్త నావైపు తిరిగింది. "ఓలే గవిరీ, నువ్వే కదే కట్టినావు దిమ్మలాటలో మనిల్లు? నాకు సూపించినావు కూడా. ఏటైపోనాది?"

కంప్యూటర్ తెరిచి, రాజధానికి పంపిన ఊరు చూశాను. మా వీధి ఉంది, మా పక్కిళ్ళున్నాయి, మా ఇల్లుండాల్సిన చోట వట్టి గాలి ఉంది. గుండ్రటి దిమ్మలంటే ఏమిటో ఆ ఆటకు తెలియదు. మోడ్ తీసేస్తే వాటి చోట ఖాళీ వదిలేస్తుంది. అదే అత్తకు చెప్పాను. "అభిమానులు చేసినవి పనికిరావని తీసేశారత్తా. తీసెయ్యగానే ఇల్లు పోయింది."

అత్త తెరమీద ఆ ఖాళీని వేలితో తడిమింది. "అబిమానం తీసీత్తే ఇల్లేటి, ఏటి మిగుల్తాదే ఎక్కడైనా?" అంది. మామ పోయినప్పుడు కూడా ఆమె నోట అలాంటి మాట వినలేదు. నాకు ఏడుపు ఆగలేదు. ఏడుపయ్యాక కోపం వచ్చింది.

అత్త కూడా ఊరుకోలేదు. రోజూ నాతోపాటు ఆఫీసుకు వచ్చి ఆ సెక్షన్ నుంచి ఈ సెక్షన్‌కు తిరిగేది. ఇల్లున్నట్టు రుజువు తెమ్మన్నారు. కరెంటు బిల్లు చూపిస్తే, ఖాళీ స్థలానికి కరెంటు వాడుకున్నందుకు సంజాయిషీ రాయమన్నారు. ఆఫీసు చుట్టూ తిరిగి తిరిగి అత్త చెప్పులు అరిగాయి గానీ కాగితం ఒక బల్ల మీంచి ఇంకో బల్లకు కదల్లేదు.

తనిఖీ రోజు వచ్చింది. రాజధాని నుంచి సువర్చల గారనే అధికారిణి దిగారు. మనిషి నవ్వదు, కళ్ళెత్తదు, ట్యాబ్‌లో కనబడిందే లోకం. చదరపు ట్యాంకు చూసి తల ఊపారు. పెట్టె తలల నాయకులను చూసి తల ఊపారు. కూడలిలో ఇరుక్కున్న లారీని విచలనమన్నారు గానీ, అది కదలడం లేదు గనక త్వరలో కట్టడంగా పరిగణించవచ్చునన్నారు. వెల్లవేసిన గేదెలను చూసి "గొర్రెలు పుష్టిగా ఉన్నాయి" అని రాసుకున్నారు. చిదానందం గారి ముఖం వెలిగిపోయింది.

చివరికి అందరూ కమిషనర్ గారి గదికి వచ్చారు. అత్తా నేనూ అర్జీ పట్టుకుని ఒక పక్కన చేతులు కట్టుకుని నిలబడ్డాం. కమిషనర్ గారు దర్జాగా కుర్చీలో కూర్చుని, మా అత్త ఇంటి తొలగింపు కాగితం మీద సంతకానికి కలం తెరిచారు. సువర్చల గారు గది నలుమూలలా ట్యాబ్ తిప్పారు.

"టేబులు ఉంది. కిటికీ ఉంది. జెండా ఉంది. మీరు దేని మీద కూర్చున్నారు?"

"కుర్చీ మీదండి" అన్నారు కమిషనర్ గారు నవ్వుతూ.

"ప్రతిరూపంలో ఆ చోట ఖాళీగా ఉంది."

ఆయన నవ్వు సగంలో ఆగింది. "అంటే..."

"విచలనం. లేవండి."

ఆయన లేచారు. దఫేదారు కుర్చీని ఎత్తుకుపోయి వరండాలో పెట్టాడు. ఇన్నేళ్ళ సర్వీసులో కమిషనర్ గారు ఆ గదిలో నిలబడి ఉండడం మేమెవ్వరం చూడలేదు. మనిషి మా అత్త కన్నా పొట్టి అని అప్పుడే తెలిసింది.

"మేడమ్, కుర్చీ లేకపోతే నేను కమిషనర్‌ననడానికి ఆధారమేమిటి?"

"అది మా విభాగం పరిధిలోకి రాదు. రేపు సాయంత్రానికి ప్రతిరూపంలో కుర్చీకి అనుమతి ఉన్నట్టు చూపండి. లేదా కుర్చీ లేకుండా కొనసాగండి."

భానోజీరావు గారు గొంతు సవరించుకున్నారు. కుర్చీయందు లేనివారు సంతకము చేయరాదని నిబంధన ఉన్నదని గుర్తుచేశారు. కమిషనర్ గారు కలం మూత పెట్టి, అలవాటు కొద్దీ వెనక్కి వాలబోయి, గోడకు ఆనుకున్నారు. అత్తకు జాలేసింది.

"కూకోండి బావూ, కాళ్ళు పీకుతాయి. ఓలమ్మ, కుర్సీ నేదు కదూ. మరిసిపోనాను."

ఆ సాయంత్రం కమిషనర్ గారు నన్ను పిలిపించారు. నిలబడే ఉన్నారు.

"గౌరీశ్వరి గారూ, నా గదిలో టేబులు కట్టారు, జెండా కట్టారు. కుర్చీ ఎందుకు కట్టలేదండీ? నా మీద కోపమా?" ఆయన నన్ను గారూ అనడం అదే మొదలు.

"కట్టాను సార్. ఆ ఆటలో కుర్చీలుండవు, కదిరి ఇస్మాయిల్ గారి మోడ్‌తో వేశాను. అభిమానులు చేసినవి అనధికారమని భానోజీరావు గారు తీసేశారు."

కమిషనర్ గారు భానోజీరావు గారివైపు చూశారు. ఆయన నేలవైపు చూస్తూ "పోయేవి పోవును అనుకొంటిని గానీ..." అన్నారు.

"సరే, ఆ కుర్చీ మోడ్ ఒక్కదాన్నీ తక్షణం క్రమబద్ధీకరిస్తాను. తనిఖీవారు ఒప్పుకుంటారు."

"మరి గుండ్రం మోడ్ సార్? మా ఇల్లు?"

"అది పరిశీలనలో ఉంటుంది" అన్నారాయన. ఆ మాటకు మా ఆఫీసులో అర్థం నాకు బాగా తెలుసు.

ఇంటికి రాగానే కదిరికి ఫోన్ చేశాను. "అన్నా, మీ కుర్చీని మా ఇంటి మోడ్‌లో కలిపేసుకోవచ్చా? రెండూ ఒక్కటే చెయ్యాలి."

"కలుపుకో అక్కా, దాంట్లో అడిగేదేముంది? మనం జేసేదే పదిమందికోసరం. ఆట చేసిన నా కొడుకులు ఇన్నేండ్లయినా ఒక్క కుర్చీ ఎయ్యల్యా. ఇంతకీ ఎవురు కూసుంటారు దాండ్లో?"

"మా కమిషనర్."

"అయితే ఒక కాలు పొట్టిగా చేద్దునా?"

వెంటనే వద్దన్నానని చెప్పలేను, కొంచెం ఆలోచించి వద్దన్నాను. తర్వాత కూర్చుని పని మొదలుపెట్టాను. కుర్చీని మా ఇంటి గోడ దిమ్మల్లోంచే పుట్టేలా చేశాను. ఇల్లుంటేనే కుర్చీ ఉంటుంది. ఇల్లు పోతే కుర్చీ పోతుంది. చెయ్యి తిరిగిన పని కావడంతో అత్త సీరియల్ అయ్యేలోగా అయిపోయింది.

మర్నాడు కమిషనర్ గారి ముందు తెరిచి చూపించాను. గదిలో కుర్చీ ఉంది. ఆయన కళ్ళలో నీళ్ళు తిరిగాయి. భానోజీరావు గారు మాత్రం వదల్లేదు. "ఇందులో చుట్టిల్లు కూడా ఉన్నదే! దానిని వేరుచేయవలెను" అని తానే మౌస్ పట్టుకుని ఇంటిని తొలగించారు. ఇల్లు మాయమైంది, దాంతోపాటే కుర్చీ మాయమైంది.

"పెట్టవయ్యా! ముందు పెట్టు!" అని కమిషనర్ గారు అరిచారు. భానోజీరావు గారిమీద ఆయన అలా అరవడం అదే మొదటిసారి.

సాయంత్రానికి ఉత్తర్వు వెలువడింది. కమిషనర్ వారి కుర్చీకి మూలాధార నిర్మాణమైన అసిరమ్మ గారి చుట్టిల్లు రక్షిత కట్టడమనీ, దానికెట్టి హాని కలిగినా కుర్చీకి హాని కలిగినట్లే భావించవలెననీ దాని సారాంశం. సువర్చల గారు ట్యాబ్‌లో ఇల్లు చూశారు, కుర్చీ చూశారు, తల ఊపి వెళ్ళిపోయారు. దఫేదారు కుర్చీని లోపల పెట్టాడు. కమిషనర్ గారు కూర్చుని, లేచి, మళ్ళీ కూర్చున్నారు.

కథ ఇక్కడితో ఆగితే మా అత్త మా అత్తే కాదు. ప్రతిరూపానికీ నేలకూ తేడా ఉండరాదని నిబంధన ఉంది కదా? ప్రతిరూపంలో మా ఇంటి తాటాకు కప్పు ఎప్పుడూ కొత్తదే. ఆటలో ఆకు పాతబడదు. నేల మీదేమో ఏడాదికోసారి మార్చాలి. ఆ సంగతి నేను ఒకసారి మాటవరసకు చెబితే అత్త రొయ్యలు ఒలవడం ఆపి, "అలగా?" అంది. అంతే. అప్పటి నుంచి ఏటా వానలకు ముందు మున్సిపాలిటీ వాళ్ళు తాటాకు తెచ్చి మా కప్పు నేసి వెళుతున్నారు. చిదానందం గారు బదిలీ అయ్యారు. తర్వాత వచ్చిన ప్రతి కమిషనరూ చార్జి తీసుకోకముందే జీపులో వచ్చి మా ఇల్లు నిలబడి ఉందో లేదో చూసుకుంటాడు.

ఈ ఏడు వచ్చినాయన కుర్రాడు, ఉత్సాహవంతుడు. కూలీలు పెళ్ళికెళ్ళి రాలేదు, మబ్బేమో కమ్ముకొచ్చింది. అత్త గుమ్మంలో కూర్చుని పైకి చూపించింది.

"ఆకు పల్సబడ్డాది బావూ. వాన కారితే తడిసీది నాను కాదు, నీ కుర్సీ."

ఆయన ప్యాంటు మడిచి నిచ్చెన ఎక్కాడు. కింద నుంచి భానోజీరావు గారు తాటాకులు అందిస్తున్నారు. కొత్త కమిషనర్ గారు కప్పు మీద అటూ ఇటూ చూసి, పాపం, ఏ మూల నుంచి మొదలుపెట్టాలమ్మా అని అడిగారు.

"మూలెక్కడిది బావూ? సుట్టూ తిరుగుతూ కట్టు" అంది మా అత్త. "మీ ఆపీసు సుట్టూ నాను తిరగనేదేటి?"